జయకర్ బాబాయ్ పప్పుగుత్తి

మా జయకర్ బాబాయ్ రోజూ తెల్లవారుజామున ఐదున్నరకు లేస్తాడు. మొహం కడుక్కుని, ప్రార్థన చేసుకుని, వంటింట్లోకి వెళ్ళి పప్పుగుత్తి తీసుకుని కారు దగ్గరకు వస్తాడు. బానెట్ ఎత్తి, ఇంజను స్టార్ట్ చేసి, పప్పుగుత్తి తలకాయను దానికి ఆనించి, కాడ చివర చెవి పెట్టి కళ్ళు మూసుకుంటాడు. ఎండైనా వానైనా, పండగైనా పబ్బమైనా ఇది తప్పదు. లోకంలో జనమంతా కళ్ళతో చూస్తారు. మా బాబాయ్ చెవితో చూస్తాడు.

సరిగ్గా ఆ వేళకు నేను శివాలయానికి పూలు తీసుకుని వాళ్ళ వాకిలి మీదుగా వెళ్తుంటాను. అందుచేత రోజూ స్వామికంటే ముందు నాకు దర్శనమిచ్చేది కారు మీదకు వంగిన బాబాయ్ వీపు.

"ఒరేయ్ కోటయ్యా, మాట్టాడమాక!"

"నేనేం మాట్లాడలేదు బాబాయ్."

"నీ చెప్పులు మాట్టాడతన్నయ్. విప్పి పో."

గుడికి పోయేవాణ్ణి ఎటూ విప్పాల్సిందే కదా అని అక్కడే విప్పి, చేత్తో పట్టుకుని పోయేవాణ్ణి. ఇంతలో వంటింట్లోంచి కాంతమ్మ పిన్ని గొంతు వచ్చేది.

"ఏమయ్యో! పప్పు ఉడికి పావుగంటయింది. గుత్తి ఏదీ?"

"వింటన్నా!"

"నువ్వు వినేదాకా పప్పు ఆగుద్దా? నిన్న పప్పులో ఆయిలు వాసనొచ్చింది."

"నెయ్యేమో చూడు."

"మనింట్లో నెయ్యి నల్లగా ఉంటదా?"

పిన్ని విసిగిపోయి కోటప్పకొండ తిరునాళ్ళలో ఇంకో పప్పుగుత్తి కొని, "ఇది నీది, అది నాది" అని పంపకాలు చేసింది. బాబాయ్ కొత్త గుత్తిని ఒక్క పూట చెవికి పెట్టుకుని తిరిగి ఇచ్చేశాడు. "ఇది పచ్చికర్ర. శబ్దాన్ని మింగుద్ది. పదిహేనేళ్ళు పప్పు తాగితేగాని కర్రకు చెవులు రావు" అన్నాడు. మర్నాటి నుంచి పిన్ని కొత్త గుత్తితో పప్పు మెదుపుకుంది. పాతగుత్తి కారు సేవకు అంకితమైపోయింది. అయినా పిన్ని రోజూ "గుత్తి ఏదీ" అని అరవడం మాత్రం మానలేదు. అది వాళ్ళింటి సుప్రభాతం.

ఈ విద్య బాబాయికి ఊరికే రాలేదు. విజయపురి సౌత్‌లో నీటిపారుదల శాఖవారి పంపుహౌసులో ముప్పై మూడేళ్ళు పనిచేశాడు. అక్కడ మోటార్లకు కర్ర ఆనించి, లోపల బేరింగులు కులాసాగా ఉన్నాయో లేదో వినేవాళ్ళట. రిటైరైన రోజున శాఖవాళ్ళు శాలువా కప్పారు, దండ వేశారు, గోడ గడియారం ఇచ్చారు. కర్ర మాత్రం ఇవ్వలేదు. ఆ లోటు పప్పుగుత్తితో పూడ్చుకున్నాడు.

ఊళ్ళోకి వచ్చాక ఆయన వినని యంత్రం లేదు. మా ఇంటి మిక్సీ విని, "దీనికి అజీర్తి. మినప్పప్పు ఇంకో గంట నాననివ్వమను" అన్నాడు. బసవమ్మక్క చేలో బోరు మోటారు విని, "గురువారానికి దీని బేరింగు పోద్ది" అన్నాడు. బుధవారమే పోయింది.

"ఏంది బాబాయ్, ఒకరోజు తప్పావే?" అని అడిగింది బసవమ్మక్క.

"నేను తప్పలా. నువ్వు మిరపకు ఒక తడి ఎక్కువ పెట్టావు."

అది నిజమేనట!

మా శివాలయంలో హారతి వేళ దానంతటదే డోలూ గంటా వాయించే కరెంటు యంత్రం ఉంది. బాబాయ్ చర్చికి పోయే మనిషి. అయినా ఒకరోజు మా గుడి గుమ్మం దగ్గర ఆగి, చెవి ఒగ్గి, "కోటయ్యా, మీ దేవుడి డోలుకి ఎడం పుల్ల వదులైంది. బిగించు" అన్నాడు. చూస్తే నిజంగానే వదులైంది. బిగించాక గాని తాళం అంటే ఏమిటో మాకు తెలియలేదు. రెండేళ్ళుగా స్వామి ఆ తప్పుడు తాళాన్ని నోరెత్తకుండా భరించాడన్నమాట! లెంపలేసుకున్నాను.

ఇలాంటి మనిషి చెవిలో, మొన్న కార్తీకమాసంలో ఒక చలి పొద్దున, సొంత కారే "టిక్ టిక్ టిక్" అంది.

"కోటయ్యా, ఇటు రా. ఏం వినపడతంది?"

"బల్లి బాబాయ్."

"ఇంజనులో బల్లేందిరా?"

"ఏదైనా తూర్పు దిక్కున పలికింది, శుభమే."

"నీ శుభం తగలెయ్యా, వారంటీ శివరాత్రితో సరి!"

కారు కొని అప్పటికి మూడో ఏడు. శివరాత్రి దాటితే రిపేరు మనదే, భారం మనదే. మర్నాడు ఇంజను స్టార్ట్ చేసే వేళకు బాబాయ్ మహమూద్‌ను పిలిపించాడు.

మహమూద్ షెడ్డు మా ఊరి సెంటర్లో, టీ కొట్టుకు ఎదురుగా ఉంటుంది. మా ఊరి బళ్ళకు సగం ప్రాణం అతనే. గుడికి పోయే ముసలివాళ్ళ సైకిళ్ళకు ఊరికే గాలి కొడతాడు. సోమవారాల్లో నేను పూలబుట్టతో కనబడితే, చేతిమసి నాకు తగలకుండా రెండడుగులు పక్కకు జరిగి నమస్కారం పెడతాడు. ఆ రెండడుగులు చాలు మనిషిని కొలవడానికి. ఆ రోజు వచ్చి చేతులు రెండూ వెనక్కు కట్టుకుని, కారు మీదకు వంగి, ఒక్క నిమిషం విన్నాడు.

"పైన టాపెట్ల కాడ బాబాయ్. పొద్దున్నే ఆయిలు పైకి ఎక్కేదాకా కొట్టుకుంటన్నయ్. రెండు నిమిషాల్లో ఆగిపోద్ది చూడు."

ఆగిపోయింది.

"కంపెనీ వారంటీలో ఉంది, నేను చెయ్యెయ్యకూడదు. పేటకు తీసుకుపో."

బాబాయ్ నన్ను ఎక్కించుకుని నరసరావుపేటలో కంపెనీ సర్వీసు సెంటరుకు బయలుదేరాడు. మా ఊరినుంచి ఎనిమిది కిలోమీటర్లు. చేరేసరికి ఇంజను పాలకుండలా వేడెక్కింది, టిక్ అన్న శబ్దం మచ్చుకైనా లేదు. అక్కడి మేనేజరు రాజీవ్ బానెట్ ఎత్తి చూసి, "నార్మల్ సార్" అన్నాడు.

"పొద్దున్నే వస్తదయ్యా. టాపెట్లు. మా మహమూద్ కూడా చెప్పాడు."

ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

"బయట మెకానిక్ తెరిచాడా సార్?"

"తెరవలా. విన్నాడు."

"వినడానికి మెకానిక్ ఎందుకు సార్?"

ముప్పై మూడేళ్ళు విని పెన్షను తీసుకుంటున్న మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా అది! బాబాయ్ మళ్ళీ బానెట్ కిందకు వంగాడు. ఆ సందులో రాజీవ్ జాబ్ కార్డు మీద "బయటి మెకానిక్ ఇంజను తెరిచినట్టు అనుమానం" అని రాసేశాడు. పక్క కుర్చీలో ఉన్న సర్వీసు అమ్మాయి ఫరా, "ఆయన తెరవలేదంటున్నారు కదా సార్" అని సణిగింది గాని, రాసింది రాసిందే.

ఆ కార్డు మాట మా కంటే ముందే ఊరు చేరింది. టీ కొట్టు దగ్గర మొదటి నోట మహమూద్ ఇంజను చూశాడు. రెండో నోటికి విప్పాడు. మూడో నోటికి దించాడు. నాలుగో నోటికి లోపల ఏదో పార్టు మార్చేశాడు. సంక్రాంతి వెళ్ళేసరికి రెండు ట్రాక్టర్లూ, నాలుగు ఆటోలూ పేటకు రిపేరుకి పోవడం మొదలెట్టాయి. మహమూద్ షెడ్డులో పొద్దుగూకులూ రేడియో ఒక్కటే మోగేది.

నాకు అంతకన్నా బాధ కలిగించింది ఇంకోటుంది. బాబాయ్ కూడా ఆ షెడ్డు ముందునుంచి కారు పోనివ్వడం మానేశాడు. సెంటర్లో అడ్డంగా పోవలసినవాడు చెరుకుతోట చుట్టూ తిరిగి మరీ పోయేవాడు. ఒక సోమవారం మహమూద్ నన్ను ఆపాడు.

"కోటయ్యన్నా, బాబాయికి కూడా నా మీద అనుమానమేనా?"

పూలబుట్ట ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాను.

"శివరాత్రి దాకా చూస్తానన్నా. కొండ తిరునాళ్ళకు పోయే బళ్ళు నాలుగు రాకపోతయ్యా అని. తర్వాత షెడ్డు ఎత్తేసి పేటలో ఎవరి కిందన్నా చేరతా" అన్నాడు.

ఇటు బాబాయికి శివరాత్రి గడువు, అటు మహమూద్‌కు శివరాత్రి గడువు. బాబాయికి మాత్రం ఆ టిక్ టిక్ తప్ప మరొకటి పట్టనట్టే ఉండేది. ముందు ఫోనులో రికార్డు చేసి తీసుకెళ్ళాడు. ఫరా చెవి దగ్గర పెట్టుకుని శ్రద్ధగా వింది.

"వినపడిందా తల్లీ?"

"వినపడింది సార్. 'ఏమయ్యో, గుత్తి ఏదీ' అని వినపడుతోంది."

"దాని వెనకాల విను."

"వెనకాల గేదె సార్."

తర్వాత రాత్రికి కారు సర్వీసు సెంటర్లోనే వదిలి, పొద్దున్నే వినమన్నాడు. పాపం, అక్కడ కార్లు కడిగే మనిషి భక్తిపరుడు. ఆరింటికే వచ్చి, కారు స్టార్ట్ చేసి, ముందుకూ వెనక్కూ తిప్పి, పెళ్ళికొడుకులా కడిగి నిలబెట్టాడు. తొమ్మిదింటికి రాజీవ్ వచ్చేసరికి ఇంజను మళ్ళీ మౌనవ్రతం. "నార్మల్ సార్" అన్నాడు.

ఆ సాయంత్రం బాబాయ్ అరుగు మీద కూర్చుని ఆయిలుగుడ్డతో పప్పుగుత్తి కాడ తుడిచాడు. తర్వాత, "కోటయ్యా, ఇంజను వేడెక్కకుండా కారు పేటకు పోవాలి" అన్నాడు.

"అదెట్టా బాబాయ్?"

"స్టార్ట్ చెయ్యకుండా."

శివరాత్రికి పదిరోజుల ముందు, తెల్లవారి ఆరున్నరకు, బసవమ్మక్క ట్రాక్టరు వెనక బాబాయ్ కారు కట్టారు. ట్రాక్టరు బసవమ్మక్కే నడిపింది. ఆమె చేలోనైనా రోడ్డు మీదైనా ఒకటే వేగం. ఆమె పక్కన మడ్‌గార్డు మీద బాబాయ్, వెనక్కు తిరిగి, పప్పుగుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బానెట్ మీద తడిగోనెపట్టా కప్పాడు, ఎండకు ఇంజను వెచ్చబడకుండా. కారులో స్టీరింగు ముందు నేను.

ఇంజను ఆడని కారు స్టీరింగు ఎంత బరువుంటుందో ఆ రోజే తెలిసింది. బ్రేకు తొక్కితే రాయిని తొక్కినట్టు ఉంది. ఎనిమిది కిలోమీటర్లూ పంచాక్షరి జపించాను. అంత నిష్ఠగా గుడిలో కూడా ఎన్నడూ జపించలేదు.

దారిలో అందరిదీ ఒకే ప్రశ్న.

"ఏంది జయకర్ గారూ, కొత్త కారు అప్పుడే పోయిందా?"

"పోలా. చల్లగా ఉంది."

"స్టార్ట్ అవట్లేదా?"

"అవుద్ది. అందుకే చెయ్యట్లా."

అడిగినవాళ్ళు బసవమ్మక్క వంక చూసేవాళ్ళు. ఆమె, "నన్నడగమాకండి, నాకు గేరు మార్చే పనుంది" అనేది.

కొండ తిరునాళ్ళకు మొక్కుబడి ప్రభలు కట్టే రోజులు కదా, దారి పొడుగునా ఊళ్ళలో వెదుళ్ళూ, రంగుగుడ్డలూ, సందడీ. ఒక ఊరి మలుపులో నిలబడ్డవాళ్ళు చూస్తే, ట్రాక్టరు వెనక ఏదో నెమ్మదిగా కదిలి వస్తోంది, పైన గుడ్డ కప్పి ఉంది, లోపల ఎవరో పెదాలు కదుపుతూ జపిస్తున్నారు. ఇంకేముంది! ఒక పెద్దమ్మ పరుగున వచ్చి ట్రాక్టరు ముందు కొబ్బరికాయ కొట్టి, గోనెపట్టాకు కుంకం పెట్టి, నాకు దణ్ణం పెట్టింది.

"అమ్మా, ఇది ప్రభ కాదు" అనబోయాను.

"ఊరుకోరా. ఎవరి దీవెనైనా కాదంటామా?" అని బాబాయ్ మడ్‌గార్డు మీదనుంచే చేతులు జోడించి, కొబ్బరిచెక్క అందుకుని మూడు ముక్కలు చేశాడు. ఒకటి నాకు, ఒకటి బసవమ్మక్కకు.

సర్వీసు సెంటరు ముందు ట్రాక్టరు ఆగేసరికి రాజీవ్ కాఫీగ్లాసుతోనే బయటకు వచ్చాడు.

"బ్రేక్‌డౌనా సార్?"

"కాదు."

"మరి ఈ ట్రాక్టరు?"

"మీ చెవుల కోసం."

బాబాయ్ పంపుహౌసు రోజుల్లోకి వెళ్ళిపోయాడు. ఒక్క కేకతో నీళ్ళపంపు ఆపించాడు. కంప్రెసరు ఆపించాడు. హాల్లో టీవీ ఆపించాడు. కారు కొనడానికి వచ్చిన ఒక కుటుంబం కూడా భయపడి ఊపిరి బిగబట్టింది. గోనెపట్టా తీసి, బానెట్ ఎత్తి, "చెయ్యి పెట్టి చూడు, చల్లగా ఉందా?" అని రాజీవ్‌ను అడిగాడు. మంచులా ఉందన్నాడు. అప్పుడు పప్పుగుత్తిని ఫరా చేతికిచ్చి, "నువ్వు విను తల్లీ. ఆ రోజు నువ్వొక్కదానివే నా మాట విన్నావు" అన్నాడు.

ఫరా చున్నీ సర్దుకుని, గుత్తి ఆనించి చెవి పెట్టింది. నేను తాళం తిప్పాను.

టిక్ టిక్ టిక్ టిక్!

ఆ అమ్మాయి కళ్ళు ఇంతింతయ్యాయి. "సార్! కొడుతోంది సార్! తలుపు తట్టినట్టు కొడుతోంది!" రాజీవ్ గుత్తి లాక్కుని తనూ విన్నాడు. వినడం అయ్యాక అతని చెవి చుట్టూ నల్లటి ఆయిలుమసి అంటింది. పాపం, సాయంత్రం దాకా అలాగే తిరిగాడని తర్వాత తెలిసింది.

"శబ్దం ఉంది సార్, ఒప్పుకుంటాను" అన్నాడు రాజీవ్. "కానీ కార్డులో బయటి మెకానిక్ సంగతి ఉంది. కంపెనీ ఒప్పుకోదు."

నేను కారులో కూర్చునే కోటప్పకొండ మీది కోటయ్య స్వామికి మొక్కుకున్నాను. ఫరా మాత్రం ఇంజను మీదనుంచి లేవలేదు. ఫోను లైటు వేసి ఏదో వెతుకుతోంది.

"సార్, ఇటు చూడండి. టాపెట్ కవరు బోల్టుల మీద కంపెనీలో పెట్టిన రంగుగీతలు. ఒక్కటి కూడా చెదర్లేదు. పానా పడితే గీత విరుగుతుంది కదా సార్. ఈ కవరు పుట్టాక ఎవ్వరూ తెరవలేదు."

రాజీవ్ వంగి చూశాడు. ఒక బోల్టు, రెండు బోల్టులు, అన్నీ చూశాడు. చెడ్డవాడు కాదతను, తొందరగా రాసేవాడు, అంతే. తనే ఫొటోలు తీసి కంపెనీకి పంపాడు. వారం తిరిగేసరికి పార్టులు వచ్చాయి, వారంటీలోనే టాపెట్లన్నీ మార్చారు. శివరాత్రికి ఇంకా రెండు రోజులుందనగా కారు తీసుకుపొమ్మని కబురు వచ్చింది.

నేనూ బాబాయ్ బస్సెక్కి వెళ్ళాం. రాజీవ్ కారు తళతళా కడిగించి ఉంచాడు, లోపల అగరుబత్తి వాసన కూడా పెట్టించాడు. తాళాలు చేతికిచ్చి, "హ్యాపీయేనా సార్?" అన్నాడు. బాబాయ్ తాళాలు నాకిచ్చి, ఫరా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"కారు సంగతి అయిపోయిందిలేవయ్యా. మా మహమూద్ సంగతి చెప్పు."

రాజీవ్‌కు ముందు అర్థం కాలేదు. నాకూ కాలేదు. బాబాయే విడమర్చాడు. "ఆ కార్డు మీద నువ్వు రాసిన ముక్క వల్ల వాడి షెడ్డు మూతపడబోతంది. వాడి పేరు ఇక్కడ ఎత్తిన నోరు నాది. నాది తప్పు, నీది తొందర. ఇద్దరం కలిసి దిద్దాలి."

"మరి నువ్వే ఆ షెడ్డు వైపు పోవడం మానేశావే బాబాయ్?" అన్నాను, ఉండబట్టలేక.

"మానకేం చెయ్యనురా? నా కారు వాడి షెడ్డు ముందు రెండు నిమిషాలు ఆగిందనుకో, మళ్ళీ విప్పాడంటారు. ఎవరూ చెయ్యెయ్యలేదని తేలేదాకా దాని నీడ కూడా వాడి మీద పడకూడదు. అందుకే గదా చెరుకుతోట చుట్టూ తిరిగి చచ్చింది!"

మూడు నెలలుగా ఈ మనిషిని తప్పుగా అనుకున్నందుకు నేను మళ్ళీ లెంపలేసుకోవాల్సి వచ్చింది, ఈసారి సర్వీసు సెంటర్లో. రాజీవ్ కార్డు మీద తను రాసింది కొట్టేసి, బయటివాళ్ళెవరూ ఇంజను తెరవలేదని కంపెనీ కాగితం మీద రాయించి, సంతకం పెట్టి, ముద్ర గుద్ది ఇచ్చాడు. బాబాయ్ దాన్ని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. అయినా లేవలేదు.

"కాయితం బానే ఉంది గాని, మా టీ కొట్టు కాడ కాయితాలు ఎవరు చదువుతారు? వాళ్ళు కళ్ళతో చూస్తేగాని నమ్మరు" అని ఫరా వైపు తిరిగాడు. "నీకు బండి ఉందా తల్లీ?"

"స్కూటీ ఉంది సార్."

"ఆయిలు మార్పించి ఎన్నాళ్ళయింది?"

"మార్చాలి సార్. ఇక్కడే ఎవరో ఒకరు మార్చేస్తారు."

"ఇక్కడొద్దు. ఒక్క ఉపకారం చెయ్యమ్మా. ఆదివారం మా ఊరొచ్చి మా మహమూద్ షెడ్డులో మార్పించుకో. ఆ రోజు శివరాత్రి, కొండకు పోయే జనమంతా మా సెంటర్లోనే టీ తాగుతారు."

ఫరా రాజీవ్ వంక చూసింది. అతను నవ్వుతూ తలూపాడు.

"వస్తాను సార్."

"కంపెనీ చొక్కా వేసుకుని రావాల."

"ఆదివారం నాకు సెలవు సార్, యూనిఫాం వేసుకోను."

"ఒక్క ఆదివారం వేసుకో తల్లీ. వీపు మీద కంపెనీ పేరు పెద్దక్షరాలతో ఉందే, ఆ చొక్కా. స్కూటీ అప్పజెప్పాక టీ కొట్టు వైపు వీపు పెట్టి, ఒక పది నిమిషాలు అట్టాగే నిలబడు."